కలర్ పేజీ పది రూపాయలు

కావలి ట్రంకురోడ్డు మీద నా జిరాక్సు షాపు.
ఎదురు బిర్యానీ సెంటరోడు డేక్సా మూత తీసినప్పుడల్లా
నా తెల్లకాగితాలకి మసాలా వాసన పడుతుంది.

ముసునూరు కెజియా వచ్చి కూచుంది,
పెన్‌డ్రైవు పిడికిట్లో బిగించి.
విన్నిపెగ్‌లో చదువు వీసా అయిపొయ్యి
ఇక్కడికొచ్చి ఏడో నెల.
మొగుడు అక్కడే. పంజాబీ పిల్లోడు, గుర్జీత్,
లారీలకి టైర్లు మారుస్తాడు.
ఇద్దరు సాక్షులు, ఒక గుమాస్తా,
పదకొండు నిమిషాల పెళ్ళి.
ఇప్పుడా దేశం అడుగుతోంది,
ఇది నిజం పెళ్ళేనా అని.

"షంషాదక్కా, ఫోటోలు ఇరవై చాలంట.
ఎక్కువైతే అనుమానమంట,
తక్కువైతే ఇంకా అనుమానమంట."

మంచులో ఇద్దరూ.
ఒకే కోటులో దూరి, మెడ దాకా గుండీలు పెట్టుకోని ఇద్దరూ.
చపాతీ పిండి చేతుల్తో అతను, వెనకాల
మన గోంగూర పచ్చడి సీసా.
ఒకదాంట్లో ఆమె ఏడుస్తా ఉంది.
ఎయిర్‌పోర్టు. ఎవరు తీశారో.
"ఇది వద్దక్కా."
"ఇదే పెట్టు," అన్నాను.
పెట్టలేదు.

తర్వాత మెసేజీలు.
మూడేళ్ళవి, రెండొందల పద్నాలుగు పేజీలు.
అంతా ఇంగ్లీషే.
ఆ పిల్లోడికొచ్చిన తెలుగు ఒక్కటే మాట,
ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక నకారం మింగేసి:
తినావా.
పగలు, తినావా.
మనకి ఇడ్లీ వేళ, వాళ్ళకి నిద్రవేళ, తినావా.
పోట్లాడుకుని నాలుగు రోజులు మాటల్లేనప్పుడు
పేజీ అడుగున ఒంటరిగా
తినావా.
జవాబు లేదు.
మర్నాడు మళ్ళీ.

పరభాష మాటకి తర్జుమా ఉండాలంట, వచ్చిన ప్రతిచోటా.
లెక్కబెట్టాను. నాలుగొందల ముప్పై ఆరు.
మొదటి దాని పక్కన
భోజనమైనదా అని అడుగుచున్నాడు, అని
ఇంగ్లీషులో కొట్టి, చూసుకుని, తుడిపేశాను.
ఇంకోటి కొట్టాను. అదీ బాలేదు.
ఆ ఆఫీసరు చదివి
నిజంగా అన్నం సంగతే అనుకుంటాడేమో.
మళ్ళీ మొదటిదే కొట్టాను, నాలుగొందల ముప్పై ఆరు సార్లు.
తర్జుమా యథాతథమని కింద నా సంతకం.
దాని మీద నోటరీ ముద్ర.

ఆ రాత్రి షట్టరు సగం దించి కూచున్నా.
నా పెళ్ళికి ఎవురన్నా రుజువడిగితే?
నికానామా ఉండాది, వానచెమ్మకి
మడత మీద మడత అంటుకుపొయ్యి.
రేషన్ కార్డులో ఇద్దరం ఉండాం,
నడాన మా అత్త.
ఆయన రొయ్యల లోడు మద్రాసుకి తోల్తాడు.
నాయుడుపేట దాటినాక ఒక మిస్డ్ కాలు,
తడ దాటినాక ఇంకోటి.
ఎత్తకూడదు.
ఎత్తితే రూపాయి పొయ్యే రోజుల నాటి ఒప్పందం.
ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఉచితమే,
అయినా ఇద్దరం మార్చలేదు.
పంతొమ్మిదేళ్ళుగా మోగి ఆగిపోయిన మోతలు.
ఏ ప్రింటర్లో పెట్టి తియ్యాలి వాటిని?

ఫైలు పొయ్యింది. నంబరొచ్చింది.
మంగళవారం మంగళవారం కెజియా వస్తుంది,
నా కంప్యూటర్లోనే చూడాలంట, చేతి అదృష్టమంట.
పరిశీలనలో ఉన్నది, అంటుంది తెర.
పోయిన వారమూ అదే అన్నది.
టీ తెప్పిస్తాను. చల్లారిపోతుంది.

ఎనిమిదింటికి దాని ఫోను బల్ల మీద గుర్రుమంది.
చూడకుండానే తెలుసు నాకు ఏం మాటో.
పొద్దున్నించీ దాని నోట్లో మెతుకు పడలేదు.
నా ముందే, బొటనవేలితో,
తిన్నా, అని కొట్టింది.

నేను చూడనట్టు
ప్రింటరులో కాగితాలు సర్దాను.
యథాతథమని సంతకం పెట్టినదాన్ని.